సెలవు దినాలు, చిన్న నిరాశలు: అల్ కిందీ లేఖ

కళాశాల క్యాలెండరులో మూడు తేదీలు వరుసగా ఎర్ర అక్షరాలలో కనిపిస్తే విద్యార్థి హృదయం ఉప్పొంగుతుంది. రెండవ శనివారం, ఆదివారం, ఆ వెంటనే సోమవారం నాడు ఒక పండుగ. శుక్రవారం సాయంత్రానికే వసతిగృహం సగం ఖాళీ అవుతుంది. ఊరు దగ్గర ఉన్నవారు సంచులు భుజాన వేసుకొని బస్టాండు దారి పడతారు. దూరాభారం చేతనో, దారి ఖర్చులు లేకనో, పై వారం పరీక్ష ఉన్నదన్న భయం చేతనో కొందరు మిగిలిపోతారు. శనివారం మధ్యాహ్నం భోజనశాలలో నాలుగు పళ్లాల చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. గదికి తిరిగి వచ్చి మంచం మీద వాలిన తరువాత, వారం రోజులుగా మనసులో ఒక మూల అణగి ఉన్న చిన్న బాధ మెల్లగా తల ఎత్తుతుంది. వక్తృత్వ పోటీకి ఎంపికైనవారి జాబితాలో తన పేరు లేదు. ఆశించిన మార్కులకు ఐదు తగ్గినవి. పంపిన సందేశాన్ని మిత్రుడు చూచినట్లు ఫోనులో గుర్తు పడింది, జవాబు మాత్రం రాలేదు.

బుధవారం నాడు ఈ సంగతులేవీ ఇంత పెద్దవి కావు. అప్పుడు తరగతులున్నవి, ప్రయోగశాల ఉన్నది, క్యాంటీన్ ముందు వాదోపవాదాలున్నవి. శనివారం నాడు అవన్నీ తొలగిపోగా ఆ ఒక్క బాధ మాత్రమే మిగిలింది. వస్తువు పెరగలేదు, చుట్టూ ఉన్నవి పోయినవి. గోరంతను కొండంత చేసుకోవడమని మన పెద్దలు అనేది దీనినే. కాని అలా చేసుకొనేవాడు కావాలని చేసుకోడు. ఖాళీ గదిలో చిన్న శబ్దం కూడా ప్రతిధ్వనిస్తుంది కదా!

ఇది మన వసతిగృహాలకే పరిమితమైన వింత కాదు. హంగెరీ దేశపు మానసిక వైద్యుడు షాండోర్ ఫెరెంత్సి 1919లో ఆదివారపు మనోవ్యాధులను గురించి ఒక చిన్న వ్యాసం ప్రచురించినాడు. తన వద్దకు వచ్చేవారిలో కొందరికి తలనొప్పి, ఉదర బాధ, కారణం తెలియని దిగులు ప్రత్యేకించి ఆదివారం నాడే కలుగుతున్నవని ఆయన గమనించినాడు. వారమంతా మనిషిని బిగించి ఉంచిన బాహ్య నియమాలు ఆ ఒక్క రోజున సడలడమే అందుకు మూలమని ఆయన తలచినాడు. ఫెరెంత్సి చేసిన మిగిలిన విశ్లేషణను ఈనాడు అందరూ అంగీకరించకపోవచ్చును. ఆయన చూచిన విషయం మాత్రం సత్యదూరం కాదని సెలవులలో హాస్టలులో ఉండిపోయిన ఏ విద్యార్థి అయినా చెప్పగలడు.

ఈ బాధకు మందు వెదకినవారిలో ఒక ప్రాచీనుని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన అబూ యూసుఫ్ యాఖూబ్ ఇబ్న్ ఇస్హాఖ్ అల్ కిందీ. తొమ్మిదవ శతాబ్దపు వాడు. రమారమి 801 ప్రాంతంలో పుట్టి 870 ప్రాంతంలో మరణించినాడు. బాగ్దాదులో మామూన్, ముతసిమ్ ఖలీఫాల ఆదరణ పొందినాడు. గ్రీకు శాస్త్రగ్రంథాలను అరబ్బీలోకి తెచ్చే మహాకార్యానికి ఆయన ఒక స్తంభం. గణితం, సంగీతం, వైద్యం, ఖగోళం, దృష్టిశాస్త్రం, చివరకు సుగంధద్రవ్యాల తయారీ కూడా ఆయన కలానికి అంటరానివి కాలేదు. భారతీయుల అంకెలను గురించి కూడా ఆయన గ్రంథం రచించినాడని తెలిసినప్పుడు మనకు ఒకింత ఆత్మీయత కలుగుతుంది. అరబ్బులు ఆయనను తమ తత్త్వవేత్త అని గౌరవంగా పిలుచుకున్నారు. పదవ శతాబ్దంలో ఇబ్న్ అన్ నదీమ్ తయారు చేసిన గ్రంథపట్టికలో ఆయన రచనలు రెండు వందలకు పైగా ఉన్నవి. వాటిలో మనకు దక్కినవి స్వల్పం.

అలా దక్కిన వాటిలో ఒకటి, మిత్రుడొకరు కోరగా దుఃఖ నివారణను గురించి ఆయన వ్రాసిన లేఖ. దాని అరబ్బీ నామంలో 'హీలా' అనే మాట ఉన్నది. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఈ మాట వినగానే సాకు, నెపం, తప్పించుకొనే దారి అనే అర్థాలు స్ఫురిస్తాయి. ఇక్కడ ఆ అర్థం కాదు. ఉపాయం, నేర్పు అని గ్రహించాలి. ఈ లేఖ వ్రాతప్రతి ఇస్తాంబుల్ నగరంలో లభించింది. దానిని హెల్ముట్ రిట్టర్, రిచర్డ్ వాల్జర్ అనే పండితులు పరిష్కరించి 1938లో ఇటలీలో ప్రకటించినారు. అంటే వేయి సంవత్సరాల నాటి లేఖ అచ్చులో మనకు అందడం నిన్నమొన్నటి మాట.

కిందీ మొదట రోగాన్ని నిర్వచించి, ఆ పైన చికిత్సకు దిగుతాడు. ఇష్టమైనది పోవడం వలన గాని, కోరినది దొరకకపోవడం వలన గాని ఆత్మకు కలిగే నొప్పియే దుఃఖమని ఆయన నిర్వచనం. రెండే కారణాలు. మన చిన్న నిరాశలన్నీ ఈ రెండు సంచులలో పడతాయి. పోటీ జాబితాలో పేరు లేకపోవడం రెండవ దానిలోకి, కొత్త గడియారం పోగొట్టుకోవడం మొదటి దానిలోకి వస్తుంది. ఇంద్రియాలకు అందే వస్తువులు స్వభావం చేతనే నిలకడ లేనివి. వాటిని నిలకడగా ఉండమని కోరడం ప్రకృతిలో లేనిదానిని కోరడమే అవుతుందని ఆయన వాదం. మనం కోరినది కలుగకపోతే, కలిగినదానినే కోరుకోవడం నేర్చుకోవాలని ఆయన సలహా.

ఈ వాదం ఇంతటితో ఆగి ఉంటే లేఖ ఇంతకాలం నిలిచేది కాదేమో! నిజానికి కిందీ తర్కం కొన్ని చోట్ల మరీ నున్నగా ఉంటుంది. దుఃఖానికి కారణం మన పనియే అయితే ఆ పని మానుకోవాలి. ఇతరుల పని అయి, దానిని ఆపడం మన చేతిలో ఉంటే ఆపాలి. మన చేతిలో లేకపోతే, జరుగక మునుపే ఏడవరాదు, ఎందుకంటే జరుగకపోవచ్చును కూడా. ఇది చదివినప్పుడు కాదనడానికి ఏమీ తోచదు. ఆదివారం రాత్రి నిద్ర పట్టని వానికి మాత్రం దీని వలన నిద్ర పట్టదు. గణితం చెప్పే గురువు ఓదార్పు చెప్పినట్లు ఉంటుంది. ఆ లోపం కిందీకి కూడా తెలిసినట్లున్నది. అందుకే ఆయన తర్కం విడిచి కథలలోకి వస్తాడు. లేఖకు ప్రాణం ఆ కథలే.

ఒకటి రోమను చక్రవర్తి నీరో కథ. ఆయనకు ఎవరో అద్భుతమైన స్ఫటికపు గుడారాన్ని బహూకరించినారు. సభలోని వారందరూ పొగిడినారు. అక్కడ ఉన్న ఒక తత్త్వవేత్తను అడుగగా, ఇది మీలోని ఒక పేదరికాన్ని బయటపెట్టింది, రాబోయే ఒక ఆపదను కూడా తెచ్చింది అన్నాడట. ఇది పోతే ఇటువంటిది మరొకటి దొరకదు కనుక ఆ లోటు ఈ క్షణమే పుట్టిందని ఆయన భావం. తరువాత నీరో దీవులకు విహారయాత్ర వెళుతూ దానిని కూడా పడవలో తెప్పించినాడు. పడవ మునిగింది. ఆయన దుఃఖానికి అంతు లేకపోయింది. ఇది విహారయాత్రలో జరిగిన నష్టం కావడం గమనార్హం. సెలవులకు మనం పెట్టుకొనే ఆశలు చాలావరకు ఈ స్ఫటికపు గుడారం వంటివే. మూడు రోజుల సెలవు గురించి పక్షం రోజుల ముందు నుండి మనసులో ఒక చిత్రం గీసుకుంటాం. అందులో వాన ఉండదు, బస్సు ఆలస్యం కాదు, మిత్రులందరూ వస్తారు. ఆ చిత్రం చేతికి వచ్చిన రోజుననే దానిని పోగొట్టుకొనే అవకాశం కూడా చేతికి వచ్చింది. మామూలు మంగళవారం గురించి ఎవరూ చిత్రం గీసుకోరు. అందుచేత మంగళవారం ఎవరినీ మోసం చేయదు.

మరొకటి సోక్రటీసు కథ. ఆయన ఒక విరిగిన తొట్టిలో తలదాచుకొని, లోకంలో దేనికీ దుఃఖించకుండా ఉండే రహస్యాన్ని బోధిస్తున్నాడట. ఎవరో కొంటెవాడు, ఈ తొట్టి కూడా పగిలితేనో అని అడిగినాడు. తొట్టి పగిలినా అది ఉన్న చోటు పగలదు కదా అని సోక్రటీసు బదులు చెప్పినాడు. (తొట్టిలో నివసించినవాడు డయోజనీసు అని గ్రీకు చరిత్ర తెలిసినవారు అభ్యంతరం చెప్పవచ్చును. అరబ్బీ వాఙ్మయంలో ఈ ఇద్దరి కథలు తరచుగా కలిసిపోయినవి. తొట్టి ఎవరిదైనా జవాబు చెడలేదు.) ఐదు మార్కులు తగ్గిన విద్యార్థికి ఇంతకంటె సూటియైన మాట చెప్పలేము. పగిలినది ఒక పరీక్ష. విద్యార్థి పగలలేదు, విషయం పగలలేదు, దానిని తిరిగి చదువుకొనే బల్ల పగలలేదు.

అన్నింటికంటె విస్తృతమైనది ఓడ కథ. దీని బీజం గ్రీకు స్తోయిక్ తత్త్వవేత్త ఎపిక్టెటస్ బోధలలో ఉన్నది. కిందీ దానిని పెంచి పెద్దది చేసినాడు. కొందరు ప్రయాణికులు స్వదేశానికి ఓడలో పోతున్నారు. మార్గమధ్యంలో ఓడ ఒక తీరాన ఆగింది. అందరూ తమ తమ అవసరాలకు దిగినారు. కొందరు పని ముగించుకొని వెంటనే తిరిగి వచ్చి విశాలమైన చోట్లలో కూర్చున్నారు. కొందరు పూలతోటల పరిమళం, పక్షుల పాటలు ఆస్వాదించి, ఏదీ వెంట తెచ్చుకోకుండా వచ్చినారు; వారికి కూడా మంచి చోట్లే దొరికినవి. మరికొందరు రంగురాళ్లు, గవ్వలు, పూలు, పండ్లు మూటలు కట్టుకొని ఆలస్యంగా వచ్చినారు. వారికి ఇరుకు చోట్లు మిగిలినవి. కాళ్లు చాపుకొందామంటే మూట అడ్డం. పూలు వాడినవి, పండ్లు కుళ్లినవి, రాళ్లను ఎవరైనా తీసుకుంటారేమోనని రాత్రింబగళ్లు కాపలా. ఇంకా కొందరు అడవి లోపలికి పోయి కెప్టెన్ కేక వినిపించనే లేక అక్కడనే మిగిలిపోయినారు.

కిందీ ఈ కథను మానవుని ఇహలోక యాత్రకు అన్వయించినాడు. మనం అంత దూరం పోనవసరం లేదు. మూడు రోజుల సెలవు కూడా ఒక రేవులో ఓడ ఆగడం వంటిదే. సోమవారం రాత్రి కెప్టెన్ కేక వేస్తాడు. ఆ కథలో నాకు నచ్చినది మొదటి జట్టు కాదు, రెండవది. దిగిన వెంటనే తిరిగి వచ్చినవారు వివేకవంతులే కావచ్చును. కాని తోట పరిమళాన్ని తనివితీరా అనుభవించి ఖాళీ చేతులతో వచ్చినవారికి కూడా చోటు దక్కిందని కిందీ చెప్పడంలో ఒక ఉదారత ఉన్నది. ఇరుకున పడినవారు మూటలవారే. వక్తృత్వ పోటీ జాబితాను మూడు రోజులు మోసినవాడు కూడా మూటవాడే. బరువు తేడా తప్ప, రంగురాయి అయినా మామూలు రాయి అయినా చోటు ఆక్రమించడంలో తేడా లేదు.

అలెగ్జాండరు కథ కూడా ఈ లేఖలో ఉన్నది. మరణం సమీపించినప్పుడు ఆయన తల్లికి ఉత్తరం వ్రాసినాడు. తన మరణవార్త అందిన తరువాత ఒక గొప్ప విందు ఏర్పాటు చేయించమనీ, ఇంతవరకు ఏ ఆపదా తగలనివారు మాత్రమే దానికి రావాలని చాటించమనీ కోరినాడు. విందు సిద్ధమైంది. ఒక్కరూ రాలేదు. కుమారుని అభిప్రాయం తల్లికి అర్థమైంది. బౌద్ధ వాఙ్మయంలోని కిసా గోతమి కథ మన పాఠకులకు తెలిసినదే. చనిపోయిన బిడ్డను చేతులలో పెట్టుకొని వచ్చిన ఆ తల్లిని, చావు ఎరుగని ఇంటి నుండి గుప్పెడు ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపినాడు. ఒకచోట రాని అతిథులు, మరొకచోట దొరకని ఆవాలు. రెండు దేశాల కథలు ఒకే గుమ్మం ముందు నిలిచినవి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ కథలను మనం తరచు తప్పుగా ప్రయోగిస్తాం. దిగులుగా ఉన్న కుర్రవానితో, నీకంటె కష్టాలలో ఉన్నవారు లోకంలో ఎందరు లేరు, నీదీ ఒక బాధయేనా అంటాం. ఈ మాట వలన వాని బాధ తగ్గదు; దానికి సిగ్గు కూడా తోడవుతుంది. అలెగ్జాండరు తల్లితో ఎవరూ అలా అనలేదు. ఆమె దుఃఖం ఇతరుల దుఃఖంతో పోలిస్తే చిన్నదని కథ చెప్పడం లేదు. ఆమె ఒంటరిది కాదని మాత్రమే చెబుతున్నది. ఈ రెండింటికీ చాలా భేదం ఉన్నది. జాబితాలో పేరు లేని విద్యార్థికి కావలసినది యుద్ధబాధితుల వృత్తాంతం కాదు. ఆ జాబితాలో పేరు లేని మిగిలిన ముప్పై మందిలో ఒకడు వచ్చి పక్కన కూర్చొని టీ తాగితే చాలును.

కిందీ శిష్యులలో అబూ జైద్ అల్ బల్ఖీ అనే మహావిద్వాంసుడు ఉన్నాడు. 934లో మరణించినాడు. శరీరాలకు, ఆత్మలకు మేలు కలిగించే విషయాలపై ఆయన ఒక గ్రంథం రచించినాడు. ఒక భాగం దేహారోగ్యానికి, మరొక భాగం మనోరోగ్యానికి కేటాయించిన ఆ గ్రంథంలో కోపం, భయం, దుఃఖం, మనసును వదలని చెడు ఆలోచనలు అనే నాలుగింటిని విడివిడిగా చర్చించినాడు. ఒంటరితనం ఆ చెడు ఆలోచనలకు ఆహారమనీ, అవి పీడించేవాడు నలుగురితో కలిసి ఉండాలనీ హెచ్చరించినాడు. ఆయన చెప్పిన వాటిలో మన విషయానికి మరీ దగ్గరైనది మరొకటి ఉన్నది. గృహస్థుడు జబ్బు రాకముందే కొన్ని మందులు ఇంట దాచుకుంటాడు. అలాగే మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే కొన్ని ఆరోగ్యకరమైన ఆలోచనలను సమకూర్చుకొని దాచుకోవాలి. కలత కలిగినప్పుడు వాటిని బయటకు తీయాలి. కలత కలిగిన తరువాత ఆలోచనలను వెదకడం, అర్ధరాత్రి జ్వరం వచ్చిన తరువాత మందుల దుకాణం కోసం వీధులు తిరగడం వంటిది.

ఈ దృష్టితో చూస్తే నిశ్శబ్దమైన సెలవు రోజులకు రెండు ముఖాలు ఉన్నవి. చిన్న బాధను పెద్దది చేసేది ఆ నిశ్శబ్దమే. మందు నూరుకోవడానికి తీరిక ఇచ్చేది కూడా ఆ నిశ్శబ్దమే. పని రోజులలో బాధను మరచిపోగలం కాని కొలవలేము. కొలవాలంటే దానిని ఎదురుగా పెట్టుకొని, పక్కన మరికొన్ని వస్తువులను కూడా పెట్టుకోవాలి.

ఆధునిక మనస్తత్త్వవేత్తలు ఈ పక్కన పెట్టుకొనే పనిని పరీక్షించి చూచినారు. అమెరికాలో తిమోతి విల్సన్, డానియల్ గిల్బర్ట్, వారి సహచరులు 2000లో ఒక పరిశోధన ప్రకటించినారు. తమ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే ఎంత సంతోషం, ఓడితే ఎంత విచారం కలుగుతుందో విద్యార్థులను ముందుగా అడిగినారు. వారు అనుకున్నంత కాలం ఆ సంతోషం గాని విచారం గాని నిలువలేదు. కొందరి చేత మాత్రం ముందుగా ఒక దినచర్య వ్రాయించినారు. రాబోయే ఒక రోజున చదువుకు ఎంతసేపు, భోజనానికి ఎంతసేపు, మిత్రులతో ఎంతసేపు గడుపుతారో వారు నింపవలసి ఉన్నది. అది నింపిన వారి అంచనాలు మిగిలిన వారికంటె ఎంతో మితంగా ఉన్నవి. ఆటను చిన్నచూపు చూడమని వారికి ఎవరూ బోధించలేదు. ఆట పక్కన మిగిలిన రోజును కూడా పెట్టి చూపినారు, అంతే. అధ్యాపక మిత్రులకు, కమిటీ పెద్దలకు ఆసక్తి కలిగించే మరొక పరిశోధన వారే 1998లో ప్రకటించినారు. ఉద్యోగం స్థిరం కాకపోతే ఎన్నో ఏళ్లు దుఃఖిస్తామని ఊహించుకున్న యువ అధ్యాపకులు ఉన్నారు. నిజంగా ఆ ఉద్యోగం దక్కనివారు మాత్రం కొన్నేళ్ల తరువాత ఆ ఊహలో ఉన్నంత దుఃఖంలో లేరని తేలింది.

కనుక శనివారం మధ్యాహ్నం మంచం మీద వాలిన మన విద్యార్థి ఒక కాగితం తీసుకొనవచ్చును. పోటీ జరిగేది పదిహేనవ తేదీ. ఆ రోజు ఉదయం ఏమి చేస్తాడు, ఎవరితో భోజనం చేస్తాడు, సాయంత్రం మైదానంలో ఏ ఆట ఆడతాడు, రాత్రి ఏ పాఠం చదువుతాడు అని గంట గంటకు వ్రాసుకోవాలి. పోటీకి అందులో రెండు గంటలు దక్కుతాయి. మిగిలిన గంటలు ఆ జాబితా తయారు చేసినవారి అధీనంలో లేవు. ఇంకొక చిన్న పని ఉన్నది. మూడు నెలల క్రితం ఇదే విధంగా మనసును కలచివేసిన సంగతి ఏమిటో గుర్తు చేసుకొని ఆ కాగితం వెనుక వ్రాయడం. చాలామందికి వెంటనే గుర్తు రాదు. గుర్తు రాకపోవడమే అక్కడ సమాధానం.

కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. సెలవు రోజులలో గ్రంథాలయాన్ని కనీసం పూట రెండు గంటలు తెరిచి ఉంచగలిగితే, వసతిగృహంలో మిగిలిపోయిన ఆ పది పదిహేను మందికి బల్ఖీ చెప్పిన మందుల అలమార దగ్గరలో ఉంటుంది, నలుగురి సాంగత్యం కూడా దొరుకుతుంది.

ఉర్దూ సాహిత్యంలో ఈ విద్య ఎరిగిన మహనీయుడు మీర్జా గాలిబ్. 1797లో ఆగ్రాలో పుట్టి 1869లో ఢిల్లీలో మరణించిన ఆ కవి జీవితంలో పెద్ద దుఃఖాలకు కొరత లేదు. పుట్టిన ఏడుగురు బిడ్డలలో ఒక్కరూ బ్రతుకలేదు. పింఛను హక్కు కోసం 1828లో కలకత్తా వరకు పోయి, సుమారు ఏడాదిన్నర అక్కడ గడిపి తిరిగి వచ్చినా వ్యాజ్యం నెగ్గలేదు. 1857 తరువాత ఢిల్లీ నగరం పాడుపడింది, మిత్రులు కొందరు చనిపోయినారు, కొందరు చెదరిపోయినారు. ఇంట ఒంటరిగా కూర్చున్న ఆ వృద్ధునికి ఉత్తరాలే సభ అయినవి. ఆ ఉర్దూ లేఖలు 1868లో 'ఊదె హిందీ' అనే పేర, 1869లో 'ఉర్దూయె ముఅల్లా' అనే పేర సంపుటాలుగా వచ్చినవి.

ఆ లేఖలను చదివేటప్పుడు ఒక విషయం విశదమవుతుంది. వానకు ఇంటి కప్పు కారడం, టపా ఆలస్యం కావడం, కాళ్ల నొప్పులు, చేతిలో డబ్బు లేకపోవడం, మామిడిపండ్ల కోసం ఎదురుచూడడం ఇవన్నీ ఆయన వదలక వ్రాస్తాడు. చిన్న బాధలను దాచడు. కాని వాటిని నవ్వుతూ చెబుతాడు. ఆత్మీయుల మరణాన్ని గురించి వ్రాసేటప్పుడు ఆ నవ్వు వేరే విధంగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఏ బాధకు ఏ స్వరం తగునో ఆయనకు తెలుసు. కప్పు కారడాన్ని మహావిపత్తు అని ఏడవలేదు. ఢిల్లీ పాడుపడడాన్ని చిన్న సంగతి అని తీసివేయలేదు. మన పూర్వులు ఔచిత్యం అన్న గుణం కవిత్వంలోనే కాక, బాధపడడంలో కూడా ఉంటుందని ఈ లేఖలు చదివిన తరువాతనే తోస్తుంది. ఉత్తరం వ్రాయాలంటే బాధను మరొకరికి అర్థమయ్యేటట్లు చెప్పాలి. అలా చెప్పడంలోనే అది సగం కొలతకు వస్తుంది. మన విద్యార్థులు ఉత్తరాలు వ్రాయడం దాదాపు మానివేసినారు; ఫోనులో మూడు మాటలు, ఒక ఏడుపు బొమ్మ పంపుతారు. ఆ బొమ్మ ఎంత పెద్ద బాధకైనా, ఎంత చిన్న బాధకైనా ఒకే పరిమాణంలో ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది చిన్న నిరాశలను గురించి. అన్ని నిరాశలూ చిన్నవి కావు. రావలసిన ఉపకారవేతనం నెలల తరబడి రాకపోవడం, ఫీజు చెల్లించలేక చదువు ఆగిపోయే పరిస్థితి, అర్హత ఉండి కూడా అన్యాయంగా ఒకరిని పక్కకు తోయడం, ఇంట జబ్బు. వీటికి తత్త్వబోధ మందు కాదు. వీటికి సోమవారం తరువాత మంగళవారం ఉదయం అర్జీ వ్రాయాలి, ప్రిన్సిపాలుగారిని కలవాలి, తోటివారిని వెంటబెట్టుకొని పోవాలి. రోజుల తరబడి నిద్ర, ఆకలి లేని దిగులు పట్టినవానికి కూడా కథలు చాలవు. వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. చిన్న బాధను కొండంత చేయడం ఎంత పొరపాటో, ఓర్పు పేరుతో కొండను గోరంత అని నమ్మించడం అంతకంటె పెద్ద పొరపాటు. సెలవు రోజుల కొలత ఈ రెండవ పనికి కూడా ఉపయోగించాలి. కాగితం మీద గంట గంటకు వ్రాసినప్పుడు ప్రతి గంటలోనూ అదే బాధ కనిపిస్తే అది చిన్నది కాదన్నమాట.

కిందీ తన గ్రంథాలను పోగొట్టుకున్నప్పటి వృత్తాంతం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. దానిని పదమూడవ శతాబ్దంలో వైద్యుల చరిత్ర రచించిన ఇబ్న్ అబీ ఉసైబియా వివరించినాడు. ఖలీఫా ముతవక్కిల్ కాలంలో, బనూ మూసా సోదరులుగా ప్రసిద్ధులైన మహమ్మద్, అహ్మద్ అనే విద్వాంసులు ఈర్ష్య చేత కిందీ మీద చాడీలు చెప్పినారు. ఖలీఫా ఆయనను కొట్టించినాడు. ఆ సోదరులు ఆయన గ్రంథాలన్నింటినీ స్వాధీనం చేసుకొని వేరుగా భద్రపరచినారు. ఆ భాండారానికి కిందియ్యా అనే పేరు కూడా పడింది. తరువాత ఖలీఫా ఒక కాలువ త్రవ్వించే పనిని ఆ సోదరులకే అప్పగించినాడు. వారు దానిని అల్ ఫర్గానీ అనే శాస్త్రజ్ఞునికి ఇచ్చినారు. లెక్క తప్పింది. కాలువ మొదలు లోతుగా, మిగిలిన భాగం ఎత్తుగా వచ్చింది. నీరు సరిగా పారదు. సంగతి ఖలీఫా చెవిన పడింది. విచారించడానికి సనద్ ఇబ్న్ అలీ అనే ఖగోళ శాస్త్రవేత్తను నియమించి, తప్పు నిజమని తేలితే ఆ సోదరులను కాలువ గట్టుననే శిలువ వేయిస్తానన్నాడు.

సోదరులు సనద్ కాళ్లు పట్టుకున్నంత పని చేసినారు. మీకూ కిందీకీ ఉన్న వైరం నాకు తెలుసు, ఆయన గ్రంథాలు ఆయనకు చేరేవరకు మీ పక్షాన ఒక్క మాట కూడా చెప్పను అని సనద్ పట్టుబట్టినాడు. గ్రంథాలు మోయించుకొనిపోయి కిందీ ఇంట అప్పగించినారు. చివరి పుస్తకం వరకు అన్నీ ముట్టినవని కిందీ తన చేతితో వ్రాసి ఇచ్చిన చీటీ తెచ్చి చూపినారు. అప్పుడు సనద్, నది పొంగి ఉన్నది, నాలుగు నెలల వరకు కాలువ లోపం ఎవరికీ కనబడదు, అంతకాలం ఖలీఫా జీవించి ఉండడని జ్యోతిష్కులు అంటున్నారు అని చెప్పి, కాలువలో తప్పు లేదని ఖలీఫాకు నివేదించినాడు. నీరు తగ్గకమునుపే, 861లో, ముతవక్కిల్ హత్యకు గురి అయినాడు. సోదరులు బ్రతికిపోయినారు. కిందీ గ్రంథాలు అప్పటికే ఆయన అలమారలలో ఉన్నవి.